నేను దిద్దిన ఉత్తరాలు

అక్టోబరులో మొదటిసారి హీటింగ్ వేసిన రోజున ఇంట్లో ఒక వాసన వస్తుంది. వేసవంతా రేడియేటర్ల మీద పేరుకున్న దుమ్ము వేడెక్కి మెల్లగా మాడే వాసన. మా అమ్మాయి ముక్కు మూసుకుని కిటికీ తెరుస్తుంది. నేను మాత్రం ఉన్నచోటే కాసేపు నిలబడిపోతాను. బర్మింగ్‌హామ్‌ను ఆనుకుని ఉన్న మా ఊళ్ళో, లైబ్రరీ పై అంతస్తులో ఒకప్పుడు ఒక గది ఉండేది. అందులో మూడు పెద్ద దీపాలుండేవి. వాటిని వెలిగించిన అయిదు నిమిషాలకు సరిగ్గా ఈ వాసనే వచ్చేది. ఆ దీపాల ముందు ముదురు నీలం ఉన్ని కార్డిగాన్ వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చునేవారు. ఆవిడ పేరు సువార్తమ్మ. పోయి రెండేళ్ళయింది.

ఆ గది మా ఊరి కమ్యూనిటీ టీవీ ఛానల్‌ది. గదికి అద్దె లేదు. కరెంటు ఊరి పురపాలక కౌన్సిల్‌ది, కెమెరాలు కౌన్సిల్‌వి, వాటిని నడిపే కోలిన్ అనే టెక్నీషియన్‌కు జీతం ఇచ్చేదీ కౌన్సిలే. ఊళ్ళో ఎవరైనా వెళ్ళి, మా వాళ్ళకు చెప్పుకోవలసిన సంగతులున్నాయి అంటే వారానికి అరగంట ఇచ్చేవారు. పోలిష్ వాళ్ళకొక అరగంట, సోమాలీ ఆడవాళ్ళకొకటి, చేపలు పట్టే ముసలివాళ్ళ క్లబ్బుకొకటి. శనివారం ఉదయం పదకొండు గంటలకు తెలుగు. ఒక శనివారం మధ్యాహ్నం ఆ గదిలో తీసింది తర్వాతి శనివారం వచ్చేది. చూసేవాళ్ళు ఎందరో ఎవరికీ సరిగ్గా తెలియదు. మనవల్ని చూసుకోవడానికి వచ్చి, ఇంగ్లీషు రాక, చలికి భయపడి గడప దాటని అమ్మమ్మలు, తాతయ్యలు చూసేవారు. వృద్ధులను చూసుకునే కేర్ హోముల్లో రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చిన అమ్మాయిలు నిద్రపోయే ముందు చూసేవారు.

సువార్తమ్మ ఆంటీది భీమవరం పక్క పల్లె. ఇరవై రెండేళ్ళ వయసులో నర్సుగా ఈ దేశం వచ్చి, వార్డు సిస్టర్‌గా రిటైరయ్యారు. ఆసుపత్రిలో ఆవిడ పేరు సూ. ముప్ఫై ఏళ్ళకు పైగా తెల్లవాళ్ళందరూ అలాగే పిలిచారు, ఆవిడ అలాగే పలికారు. రిటైరయ్యాక ఛానల్లో తెలుగు అరగంట కావాలని అడిగినప్పుడు ఫారంలో మొదటిసారి పేరంతా రాశానని, రాస్తుంటే ఎవరి పేరో రాస్తున్నట్టుందని నాతో అన్నారొకసారి.

నేను 2009లో వచ్చాను. మా ఆవిడకు ఇక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం. నేను విజయవాడలో ఒక దినపత్రికలో పదకొండేళ్ళు సబ్ ఎడిటర్‌గా చేసి, ఆ పని ఇక్కడ ఎవరికీ అక్కర్లేదని తెలుసుకుని, పగలు పిల్లను బడికి దింపి సూపర్ మార్కెట్లో అరలు సర్దుతున్న రోజులవి. చర్చి హాల్లో ఒక పుట్టినరోజు విందులో ఆంటీ నన్ను పట్టుకున్నారు. ఏం చేసేవాడివయ్యా అక్కడ అని అడిగారు. చెప్పాను. పాఠకుల ఉత్తరాల పేజీతో మొదలుపెట్టానని, పది పేజీల గోడును పది వాక్యాల్లోకి తేగలనని కాస్త గర్వంగానే అన్నాను. ఆవిడ ప్లేటులోని బిర్యానీ కెలుకుతూ, "అయితే శనివారం రా. పదిని పది పేజీలుగా ఉంచడం నేర్పుతా" అన్నారు. ఆ రోజు నుంచి ఆవిడకు నేను సబ్ ఎడిటరునే. అసలు పేరు పెట్టి పిలిచింది తక్కువ.

ఆవిడ ముఖాముఖి చేసే పద్ధతి విచిత్రంగా ఉండేది. ప్రశ్న అడిగేవారు. ఎదుటివాళ్ళు జవాబు చెప్పి ఆగేవారు. ఎవరైనా ఆ ఖాళీలో మరో ప్రశ్న వేస్తారు. ఆంటీ వేసేవారు కాదు. పెదాలు కదలకుండా లోపల్లోపల అంకెలు లెక్కపెట్టుకునేవారు. ఇరవై దాకా లెక్కపెడతారట. కెమెరా ముందు ఇరవై అంకెలంటే ఎంత పెద్ద మౌనమో చూసినవాళ్ళకే తెలుస్తుంది. మొదట్లో ఒకసారి ఉండలేక పక్కనుంచి నేనే ప్రశ్న అందించాను. రికార్డింగ్ అయ్యాక ఆవిడ నా మణికట్టు పట్టుకుని నాడి మీద వేలు పెట్టారు. "నాడి చూసేటప్పుడు మధ్యలో మాట్లాడతామా?" అని మాత్రం అన్నారు. నిజంగానే, జనం అసలు మాట చెప్పేది ఆ మౌనం తర్వాతే. పదిహేనో పదహారో అంకె దగ్గర వాళ్ళ ముఖం మారేది.

కోలిన్‌కు ఆవిడ రెండు తెలుగు మాటలు నేర్పారు. కెమెరా తిరగడం మొదలవగానే అతను "కానివ్వు" అనాలి. అయిపోయాక ఆంటీ "ఆపు" అంటే ఆపాలి. ఆరడుగుల తెల్ల మనిషి హెడ్‌ఫోన్లు పెట్టుకుని గంభీరంగా "కానివ్వు" అంటుంటే, కొత్తగా వచ్చినవాళ్ళ బెదురు సగం అక్కడే తీరిపోయేది.

ఒక శనివారం కేర్ హోంలో పనిచేసే ఏలూరు అమ్మాయి వచ్చింది. ఇక్కడ గడిపిన మొదటి చలికాలం గురించి అడిగారు ఆంటీ. ఆ పిల్ల బస్సు తప్పిపోవడం గురించి, చేతి తొడుగుల గురించి, మేనేజర్ గురించి చెప్పి, ఆంటీ లెక్కపెట్టుకుంటున్న మౌనంలో, కేర్ హోంలోని ఒక ముసలావిడ తనకు రోజూ టీతో వచ్చే బిస్కెట్టు తినకుండా దిండు కింద దాచి ఈ పిల్లకు ఇచ్చేదని చెప్పింది. ఆ బిస్కెట్టు మీద పంచదార ఉండేదట, దిండు కింద రాలిపోయి ఉండేదట. అలా అయిదు నిమిషాలు అదే చెప్పింది. ఎడిటింగ్ నా పని కాబట్టి నేను పదకొండు నిమిషాలను చక్కగా నాలుగు చేశాను. వీసా, జీతం, సెలవులు, చలి. అన్నీ ఒక వరసలో వచ్చాయి. ఆంటీ చూసి అడిగారు:

"బిస్కెట్టు ఏదయ్యా?"

"అది విషయానికి సంబంధం లేదాంటీ."

"ఆ పిల్ల ఆ బిస్కెట్టు చెప్పడానికే వచ్చింది. మిగతాదంతా మనం అడిగామని చెప్పింది."

బిస్కెట్టును తిరిగి పెట్టాను. ఆ వారం నుంచి నేను మనుషుల మాటలు కత్తిరించడం తగ్గించాను. పాఠం వచ్చేసిందనుకున్నాను. ఆ పాఠం టీవీ వరకేనని, కాగితానికి నా పాత విద్యే సరైనదని నాలో ఎక్కడో ఉండిపోయిందని అప్పుడు తెలియదు.

2014లో కౌన్సిల్ ఖర్చులు తగ్గించే పనిలో పడింది. ఒక లైబ్రరీ, ముసలివాళ్ళు పగలు గడిపే రెండు డే సెంటర్లు, మా ఛానల్ మూసేసేవాటి జాబితాలోకెక్కాయి. ఛానల్ ఉండాలనుకునే వాళ్ళు ఆరు వారాల్లోగా రాతపూర్వకంగా అభిప్రాయం చెప్పాలని, వాటిని చూశాక కమిటీ నిర్ణయిస్తుందని కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. గది పోతే, కోలిన్ పోతే, మాకు ఇంకేమీ మిగలదు. ఆ శనివారం ఆంటీ కెమెరా వైపు తిరిగి చూసేవాళ్ళతో నేరుగా మాట్లాడారు. ఈ కార్యక్రమం వల్ల మీకేం జరిగిందో రాసి పంపండి, పొగడొద్దు, జరిగింది రాయండి, ఇంగ్లీషు రాకపోతే తెలుగులోనే రాయండి, మా సబ్ ఎడిటరు ఇంగ్లీషులో పెడతాడు అని చెప్పారు.

నలభై మూడు ఉత్తరాలొచ్చాయి. అన్ని వస్తాయని నేననుకోలేదు. చాలావరకు పిల్లల నోటుబుక్కుల్లోంచి చింపిన గీతల కాగితాలు. ఒకాయన సౌండ్ తక్కువగా వస్తోందని ఫిర్యాదు రాశాడు. ఒకావిడ కొడుక్కి సంబంధం చూడమని ఆంటీని అడిగింది. ఒక తాతయ్య వారంలో తాను విని పూర్తిగా అర్థం చేసుకునే అరగంట అదొక్కటేనని రాశాడు. భాగ్యలక్ష్మి అనే ఆవిడ మూడు పేజీలు రాసింది. అంతకు ముందు ఏడాది ఆంటీ ఒక శనివారం పక్షవాతం లక్షణాలు చెప్పారు. మూతి ఒకవైపు వంకర పోతుంది, రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి జారిపోతుంది, మాట ముద్దగా వస్తుంది అని, తన మూతినే వంకరగా పెట్టి చూపించారు. అది చూసి భాగ్యలక్ష్మి నవ్వుకుందట. నెల తర్వాత ఒక ఉదయం భర్త టీ కప్పు ఎత్తబోయి ఒలకబోసుకున్నాడు. మూతి చూస్తే ఆంటీ చూపించినట్టే ఉంది. ఒకసారి వచ్చి చూసిపొమ్మని పక్కింటి వాళ్ళను బతిమాలుకోవడానికి కూడా ఆగకుండా అంబులెన్సు కోసం 999కి ఫోన్ చేసి, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ చెప్పింది. ఇంకో గంట ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరు చెప్పాడని రాసింది. మూడో పేజీ వెనక వాళ్ళ మనవరాలు గీసిన కుందేలు బొమ్మ ఉంది.

ఆ ఉత్తరాలన్నీ నేను ఇంగ్లీషులో పెట్టాను. రెండు వారాలు, పని నుంచి వచ్చాక కూర్చుని, ఎంతో శ్రద్ధగా చేశాను. ఉత్తరాల్లోంచి సౌండ్ ఫిర్యాదు తీసేశాను, పెళ్ళి సంబంధం తీసేశాను. ఎవరి ఉత్తరమైనా ఏడెనిమిది వాక్యాలు మించకుండా చూశాను. కౌన్సిల్ వాళ్ళకు ఇష్టమైన మాటలు ఎలా ఉంటాయో వాళ్ళ ఉత్తరాల్లోనే చూసి నేర్చుకున్నాను. ఒంటరితనం తగ్గింపు, సమాజంలో భాగస్వామ్యం, ఆరోగ్య సమాచారం. భాగ్యలక్ష్మి మూడు పేజీలు అయిదు వాక్యాలయ్యాయి. వాళ్ళాయన పేరు, టీ కప్పు, వంకర మూతి పోయాయి. కాగితాలు శుభ్రంగా టైపు చేసి, కింద వాళ్ళ వాళ్ళ పేర్లు వేసి, కవర్లో పెట్టి గడువు రోజున నేనే ఇచ్చి వచ్చాను. అసలు ఉత్తరాలు కూడా జతచెయ్యమని ఆంటీ ఫోన్లో చెప్పారు. అలాగే అన్నాను. ఆ చింపిన కాగితాలు, కుందేళ్ళు, చమురు మరకలు కౌన్సిల్ బల్ల మీద పెట్టాలనిపించలేదు. ఇంట్లో పెట్టెలో ఉంచేశాను.

కమిటీ కూర్చున్న రోజున ఆంటీ మంచి చీర కట్టుకుని, మీద ఆ నీలం కార్డిగానే వేసుకుని వచ్చారు. మాట్లాడటానికి మూడు నిమిషాలు. అంతకు ముందు అధికారిణి ఒకావిడ నివేదిక చదివింది. మంచి మనిషే, మా గదికి రెండుసార్లు వచ్చి టీ తాగి వెళ్ళింది. ఛానల్‌ను సమర్థిస్తూ ఇతర వర్గాల నుంచి కొద్దిపాటి ఉత్తరాలు వచ్చాయని, తెలుగువారి నుంచి నలభై మూడు వచ్చినా వాటి భాష, వరస ఒకేలా ఉన్నందువల్ల ఒకే నమూనాను నింపి పంపినవిగా భావించి, నియమం ప్రకారం ఒకే అభిప్రాయంగా లెక్కించామని చదివింది. ఆవిడ గొంతులో వెటకారం లేదు. అది వాళ్ళ పద్ధతి. నలభై మూడు మందిని నేను ఒక్కణ్ణి చేశాను.

ఆంటీ లేచి మాట్లాడటం మొదలుపెట్టారు. ఒక కౌన్సిలర్ మధ్యలో మర్యాదగానే అడిగాడు, ఈ కార్యక్రమం వల్ల ఫలానా మనిషికి ఫలానా మేలు జరిగిందని మీరిచ్చిన కాగితాల్లో ఎక్కడైనా ఉందా అని. ఆంటీ ముఖం వెలిగింది. నా వైపు తిరిగి, అంతమందిలో తెలుగులోనే అడిగారు.

"భాగ్యలక్ష్మి కాగితం ఎక్కడుందయ్యా?"

నా దగ్గరున్న నకళ్ళలో ముప్ఫై ఒకటో పేజీ తీసి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చదివారు. సమాజానికి ఉపయోగపడే ఆరోగ్య సమాచారాన్ని ఈ కార్యక్రమం అందిస్తోందని అక్కడ నా చక్కటి ఇంగ్లీషులో ఉంది. ఆవిడ పేజీ తిప్పి వెనక చూశారు. వెనక ఏమీ లేదు.

"ఇందులో లేదా?" అన్నారు మెల్లగా.

"అసలుది ఇంట్లో ఉందాంటీ."

ఆవిడ కాగితం మూసి, కౌన్సిలర్‌కు ఆ సంగతి నోటితో చెప్పబోయారు. టీ కప్పు దాకా వచ్చేసరికి మూడు నిమిషాలైపోయాయి. అధ్యక్షుడు కృతజ్ఞతలు చెప్పి తర్వాతి అంశం పిలిచాడు. రెండు వారాల తర్వాత ఛానల్ మూసేస్తున్నట్టు నిర్ణయం కాగితం మీద వచ్చింది. ఉత్తరాలు నలభై మూడుగా లెక్కపెట్టి ఉంటే ఛానల్ నిలిచేదని నేను రూఢిగా చెప్పలేను. నిలిచేది కాదనీ చెప్పలేను.

ఆ రోజు తిరుగు బస్సులో ఆంటీ కిటికీ వైపు కూర్చున్నారు. తిడతారని నేను ఎదురుచూస్తున్నాను. నాలుగు స్టాపులు దాటాక, "కోలిన్‌కి ఉద్యోగం పోతుంది కదయ్యా. వాళ్ళమ్మకి బాలేదు" అన్నారు. అంతే. చివరి శనివారం మామూలుగానే చేశారు. చివర్లో నమస్కారం పెట్టి, "ఆపు" అనకుండా అలాగే కూర్చున్నారు. కోలిన్ ఆపలేదు. కెమెరా ఆవిడ ముఖం మీద అలా తిరుగుతూనే ఉంది. చివరికి కింద లైబ్రరీ మూసే బెల్లు మోగితే అతనే లేచి దీపాలు ఒక్కొక్కటే ఆర్పాడు.

ఆ తర్వాత ఆంటీ బస్సు పాసు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవారు. ఈ అమ్మమ్మకు సర్జరీలో, అంటే డాక్టరు క్లినిక్కులో, అపాయింట్‌మెంట్, ఆ తాతయ్యకు కళ్ళజోడు. టీవీలో అయితే ఒక్కసారి చెబితే అందరికీ అయిపోయేది, ఇప్పుడు మెట్లు ఎక్కలేక చస్తున్నానని నవ్వేవారు. ఆ నవ్వు విన్నప్పుడల్లా నాకు ముప్ఫై ఒకటో పేజీ గుర్తొచ్చేది. మూడేళ్ళు అలా గడిచాయి. క్షమించమని అడగడానికి మూడేళ్ళూ సందర్భం వెతుక్కుంటూనే ఉన్నాను.

2017 వసంతంలో ఆవిడను ఆసుపత్రిలో చేర్చారు. తాను సిస్టర్‌గా చేసిన ఆసుపత్రే. పరుపు పక్కన బోర్డు మీద పేరు సువార్తమ్మ అని రాసి ఉంది గానీ ఎవరికీ పలకడం రాక మిసెస్ ఎస్ అంటున్నారు. నేను వెళ్ళిన మధ్యాహ్నం ఆవిడకు ఊపిరి కష్టంగా ఉంది, మాట మాత్రం తేటగా ఉంది. అప్పుడు చెప్పాను. అసలు ఉత్తరాలు జతచెయ్యలేదని, మీరు చెప్పినా వినలేదని, ఆ కాగితాలంటే నాకు నామోషీ వేసిందని, ఛానల్ పోవడానికి కారణం నేనేనని. చెప్పి ఆగాను. ఆవిడ లెక్కపెట్టుకుంటున్నారేమో అనిపించింది.

"నువ్వు టైపు చేసినవి ముందే చదివానయ్యా నేను" అన్నారు. "చదివి బాగున్నాయనుకున్నాను. నాకూ సిగ్గేసింది ఆ చింపిరి కాగితాలు వాళ్ళ ముందు పెట్టాలంటే. ముప్ఫయ్యేళ్ళు సూ అని పలికినదాన్ని కదా. పోనీయ్, ఇద్దరం కలిసి చేశాం."

నా చెయ్యి తట్టి, దాహం వేస్తోందన్నారు. నీళ్ళు పట్టాను. ఇంటికి వస్తూ బస్సులో తేలికగా అనిపించింది. ఇల్లు చేరేలోగా ఆ తేలిక పోయింది. ఆ కాగితాలు ఆవిడ ముందే చదివే అవకాశం లేదు. టైపు చేసిన రోజు నుంచి కౌన్సిల్‌లో ఇచ్చే రోజు దాకా అవి నా సంచీ దాటలేదు. కమిటీ హాల్లో ఆవిడ పేజీ తిప్పి వెనక వెతికిన తీరు నా కళ్ళముందే జరిగింది. చదివిన మనిషి అలా వెతకదు. ముప్ఫై ఏళ్ళకు పైగా రోగుల పక్కన నిలబడిన మనిషికి, ఎవరి బరువు ఎంత తియ్యాలో తెలుసు. ఆ తర్వాతి వారం ఆవిడ పోయారు. ఆవిడతో మళ్ళీ మాట్లాడటం కుదరలేదు.

చర్చిలో జనం పట్టక గుమ్మం బయట కూడా నిలబడ్డారు. సగం మందిని నేనెప్పుడూ చూడలేదు, వాళ్ళకు మాత్రం నా పేరు కార్యక్రమం చివర వచ్చే పేర్లలో చూసి తెలుసు. సమాధి దగ్గర్నుంచి వస్తుంటే ఒకావిడ, కర్ర పట్టుకుని నడుస్తున్న భర్త చెయ్యి వదలకుండా నా దగ్గరకొచ్చి, తాను భాగ్యలక్ష్మినని చెప్పింది. ఆంటీ గురించి రెండు మాటలన్నాక అడిగింది.

"అన్నయ్యగారూ, అప్పట్లో నేను రాశాను కదా, మూడు పేజీలు. కౌన్సిల్ వాళ్ళు చదివారాండీ?"

చదివారని చెప్పడం తేలిక. ఆంటీ నాకు చెప్పినట్టే నేనూ ఈవిడకు చెప్పవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆంటీ చెప్పింది నా తప్పు మొయ్యడానికి. నేను చెబితే అది దాచడానికే అవుతుంది.

"లేదమ్మా. నేను కుదించి, నా మాటల్లో రాసి ఇచ్చాను. మీరు రాసింది వాళ్ళదాకా వెళ్ళలేదు."

ఆవిడకు కోపం రాలేదు. అర్థం కానట్టు చూసింది.

"ఎందుకండీ? నేను సరిగ్గా రాయలేదా?"

సరిగ్గానే రాశారని చెప్పాను. ఆయన చలికి వణుకుతుంటే ఆవిడ కోటు గుండీలు పెట్టి, వస్తామండీ అని కారు వైపు నడిపించుకుపోయింది.

ఇప్పుడు నేను సర్జరీల్లో తెలుగు దుబాసీగా పనిచేస్తున్నాను. డాక్టరుకు పది నిమిషాలే ఉంటాయి. నిన్న ఒక పెద్దాయన మోకాలి నొప్పికని వచ్చి, భార్య పోయిన రోజు దగ్గర మొదలుపెట్టాడు. ఆవిడ పెంచిన కరివేపాకు మొక్క, అది ఈ చలికి చచ్చిపోకుండా తాను రోజూ మెట్ల మీదుగా ఎత్తుకుని పైగదిలోకి తీసుకెళ్ళడం, ఆ కుండీ బరువు. నేను ఒక్కొక్క మాటా ఇంగ్లీషులో చెప్పాను. మొక్క పేరు కూడా చెప్పాను. డాక్టరు గడియారం చూసి, నొప్పి ఎప్పటినుంచో మాత్రం అడగమంది. అడిగాను. పెద్దాయన ఆలోచనలో పడ్డాడు. డాక్టరు నా వైపు చూసింది, ఇంకేదైనా అడుగుతానేమోనని. నేను ఒళ్ళో చేతులు పెట్టుకుని లోపల్లోపల అంకెలు లెక్కపెట్టుకున్నాను.